చోళవరం మీదుగా ఇరుంగాట్టుకోట్టైకి

శుక్రవారం: విజయవాడ నుంచి నెల్లూరు

తెల్లవారుజామున నాలుగున్నరకు మేస్త్రి గారి ఇంటి ముందు కారు ఆపేసరికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన స్పానర్ల పెట్టె, జాకీ, గాలి కొలిచే గేజి, నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా ఆయనను నూనె మరకల ఖాకీ చొక్కాలోనే చూశాను. "మా గురువుగారు చోళవరం రేసులకు తెల్ల చొక్కా వేసుకునే వెళ్లేవారమ్మా. పనిలోకి దిగే ముందు దాన్ని మడిచి సంచిలో పెట్టుకునేవారు" అన్నారు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కారు 2013 నాటి మారుతి స్విఫ్ట్, 1197 సీసీ పెట్రోలు ఇంజను. నాన్న కొన్నది, ఆయన తర్వాత నాకు వచ్చింది. వేగం రెట్టింపైతే అదే మలుపులో కావలసిన పట్టు నాలుగు రెట్లవుతుందని పద్నాలుగేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. ఆ నాలుగు రెట్లు చేతులకు ఎలా తెలుస్తాయో ఒక్కసారైనా చూడాలని ఉండేది. రోడ్డు మీద ఆ పని చేయకూడదు. అక్కడ ఎదురొచ్చేవాళ్లెవరూ మన ప్రయోగానికి ఒప్పుకుని రాలేదు. అందుకే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో ఔత్సాహికులకు టైం అటాక్ పెడుతున్నారని తెలిసిన రోజునే పేరు ఇచ్చాను. ఫిబ్రవరి మొదటి వారం. ఎండ ముదరకముందే.

చిలకలూరిపేట దాటాక తమ్ముడు అడిగాడు. "రేసు అంటే ఎవరినో ఒకరిని దాటాలి కదా అక్కా. ఇందులో ఎవరిని దాటాలి?"

ఎవరినీ కాదు. కార్లను ఎడం ఇచ్చి ఒక్కొక్కటిగా ట్రాక్ మీదికి వదులుతారు. ప్రతి చుట్టుకూ సమయం కొలుస్తారు. అన్ని చుట్లలోనూ అతి తక్కువ సమయం పట్టిన ఒక్క చుట్టే లెక్క, మిగిలినవన్నీ దానికోసం చేసిన సాధన. ఈ ఆట జపాన్‌లో పెరిగింది. అక్కడి త్సుకుబా ట్రాక్ పొడవు 2 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఒక నిమిషం లోపు చుట్టి రావడం అక్కడి ఔత్సాహికులకు ఎన్నో ఏళ్లుగా పెద్ద గీటురాయి. మనం వెళ్లే ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. నా కారుకు, నా చేతికి తగినట్టు నేను పెట్టుకున్న హద్దు 2 నిమిషాల 20 సెకన్లు.

వెనక సీట్లో మేస్త్రి గారు అంతా విని, "గడియారం ఎవరికీ మొహమాటపడదు. మంచి పోటీయే" అన్నారు.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో ముందు దాని మీదే చర్చ జరిగింది. ప్రవేశ రుసుము 9,500 రూపాయలు. హెల్మెట్ 6,200. కొత్త బ్రేకు ప్యాడ్లకు, బ్రేక్ ఆయిల్‌కు కలిపి 4,300, మజూరీ మేస్త్రి గారు తీసుకోలేదు. టోల్‌గేట్లు, రానుపోను పెట్రోలు, గది, భోజనాలు కలుపుకుంటే మొత్తం 36,000 దాటింది. ఇంకొకటి కూడా తెలిసి వెళ్లాలి. మన కారుకు చేయించే మామూలు బీమా వేగం పోటీలకు వర్తించదు. ట్రాక్ మీద రేకు నలిగితే ఆ ఖర్చు మనదే. అమ్మకు ఆ మాట దాచకుండా చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకుని, "హెల్మెట్ మాత్రం మంచిది కొను" అంది.

మధ్యాహ్నానికి నెల్లూరు. బస్టాండు దగ్గర సందులో ఒక చిన్న హోటల్లో చేపల పులుసు తిన్నాం. పుల్లటి మామిడికాయ ముక్క పులుసులో ఉడికి మెత్తబడి, చేప ముక్క కంటే ముందు అదే అయిపోయింది. వడ్డించే పెద్దాయన మేస్త్రి గారి చేతులు చూసి, "మెకానిక్కా?" అని అడిగి, తన స్కూటరు పొద్దున్నే స్టార్టు కావడం లేదని చెప్పారు. మేస్త్రి గారు చేయి కడుక్కుని బయటికి వెళ్లి, ప్లగ్గు విప్పి, గీకి, బిగించి వచ్చారు. పది నిమిషాలు. బిల్లులో ఒక ముక్క చేప ధర తగ్గింది. ఇద్దరూ ఆ సంగతి పైకి అనలేదు.

శుక్రవారం సాయంత్రం: చోళవరం, దారి తప్పడం

తడ దాటాక బోర్డుల మీద లిపి మారుతుంది. మరో గంట లోపే చోళవరం వస్తుంది. పాతకాలపు రేసువాళ్లు దాన్ని షోలవరం అనేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే ఒకటి ఇక్కడ ఉంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలయ్యే వరకు దక్షిణాదిలో కార్ల రేసులంటే ముందు గుర్తొచ్చేది ఈ రన్‌వేనే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఏటా పెట్టేవారు. చూడటానికి వేల జనం వచ్చేది.

పదహారేళ్ల వయసులో మేస్త్రి గారు గురువుగారి వెంట ఇక్కడికి వచ్చారు. తర్వాత మరో నాలుగుసార్లు. టీ బడ్డీ దగ్గర కారు ఆపించి, దిగి, రోడ్డు అవతలికి చూస్తూ నిలబడ్డారు. లోపలికి వెళ్లే వీలు లేదు. కనిపించేది తుమ్మచెట్లు, గోడ, పొడుగాటి గడ్డి. అయినా ఆయన చేయి చాపి, జనం ఎటువైపు కూర్చునేవారో, గడ్డి మూటలు ఎక్కడ పేర్చేవారో, ఏ మూల తిరిగేటప్పుడు కార్లు తోక విసిరేవో చూపించారు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసిన రోజులు ఆయనకు బాగా గుర్తు. "మన సందుల్లో తిరిగే ఇంజనే అమ్మా. దాన్నే ఆయన రేసు కారులో కూర్చోబెట్టాడు. తిరిగొచ్చాక ఆరు నెలలు ప్రతి మారుతి బానెట్టూ కొత్తగా కనిపించింది నాకు." టీ చల్లారిపోయింది, ఆయన తాగలేదు. నేను ఇంకో టీ చెప్పాను.

అక్కడి నుంచి బయటి వలయ రహదారి ఎక్కి దక్షిణంగా, వండలూరు వైపు దిగాలి. నేను మీంజూరు వైపు ఎక్కాను. బోర్డు మీద రెండు పేర్లూ ఉన్నాయి, చూసింది నేనే, తిప్పింది నేనే. దూరంగా థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాక గాని తెలియలేదు. సముద్రం వైపు వెళుతున్నాం. పక్క రోడ్డులోకి దిగి, ఒక సైకిల్ షాపు దగ్గర తమ్ముడు తనకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలూ కూడదీసుకుని దారి అడిగాడు. షాపాయన పూర్తిగా విని, నవ్వి, తెలుగులో జవాబు చెప్పారు. వాళ్ల ముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్నారట, ఇంట్లో మాట్లాడేది తెలుగేనట. ఆ తెలుగులో మేం ఇప్పుడు వాడని మాటలు కొన్ని ఉన్నాయి. సైకిల్ చక్రాన్ని ఆయన బండికాలు అన్నారు. దారి చెప్పి, కాగితం మీద గీసి, చీకటి పడుతోందని సెంటర్ వరకు తన మోపెడ్ మీద ముందు నడిచి చూపించారు. గంటా ఇరవై నిమిషాలు పోయాయి. కాని ఆ బండికాలు అనే మాట దొరికింది.

రాత్రి శ్రీపెరంబుదూరులో గది, 1,600 రూపాయలు. కింద హోటల్లో ఇడియాప్పం, కొబ్బరిపాలు.

శనివారం: తనిఖీ, సాధన

ఇరుంగాట్టుకోట్టై పారిశ్రామికవాడ. పొద్దున ఆరింటికే హ్యుందాయ్ ఫ్యాక్టరీకి, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలకు మనుషులను దింపే బస్సులు వరుసకట్టి ఉన్నాయి. అక్కడ రోజంతా కార్లు పుడుతుంటాయి. ఆ పక్కనే గోడ అవతల వాటికి ఓపిక పరీక్ష పెట్టే ట్రాక్.

గేటు లోపలికి వెళ్లగానే నన్ను ఆశ్చర్యపరచింది నిశ్శబ్దం. ముప్పైకి పైగా కార్లు ఉన్నాయి, ఎవరూ ఇంజను ఊరికే రంకెలు వేయించడం లేదు. అందరూ కారు ఖాళీ చేసే పనిలో ఉన్నారు. కాళ్ల కింద చాపలు, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, నీళ్ల సీసాలు, స్టెప్నీ, అన్నీ బయటికి. బ్రేకు వేసిన క్షణంలో దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కునే సీసా ఒక్కటి చాలు. మా వినాయకుడిని మేస్త్రి గారు తువ్వాలులో చుట్టి తన సంచిలో పెట్టుకున్నారు.

తనిఖీ చేసే ఆయనకు అరవై ఏళ్లుంటాయి. చొక్కా జేబులో టార్చి, చెవి మీద పెన్సిలు. బ్యాటరీ పట్టి కదిలించి చూశారు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి బేరింగులో ఆట ఉందేమో చూశారు. సీటుబెల్టు గట్టిగా లాగారు. ముందు లైట్ల అద్దాలకు టేపు అంటించమన్నారు, పగిలితే ముక్కలు ట్రాక్ మీద పడకుండా. లాగుడు కొక్కెం బిగించి ఉండాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి రంగు చూసి, "ఎప్పుడు మార్చారు?" అన్నారు. "మొన్న మంగళవారం. డాట్ 4" అని మేస్త్రి గారు చెప్పారు. ఆయన తల ఊపి, మా కాగితం మీద సంతకం పెట్టారు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. అదే కాలక్రమంలో గాలిలోని తేమ పీల్చుకుంటే 155 దగ్గరే మరిగే స్థితికి రావచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ తొక్కితే కాలు నేల దాకా పోతుంది, కారు ఆగదు. వీధుల్లో ఆ వేడి రాదు. ఇక్కడ మూడు చుట్లలో వస్తుంది.

తర్వాత డ్రైవర్ల సమావేశం. తమిళం, ఇంగ్లీషు కలిపి చెప్పారు. పసుపు జెండా అయితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, దాటకూడదు. ఎరుపు అయితే ఆ విడత ఆగిపోయింది, జాగ్రత్తగా పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటుకు రావాలి. నీలం అయితే వెనక నీకంటే వేగంగా వచ్చే కారు ఉంది. పసుపు, ఎరుపు చారలది అయితే దారి జారుడుగా ఉంది. నా పక్కన కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు నోటుపుస్తకంలో జెండాలు రంగు పెన్సిళ్లతో గీసుకున్నాడు. వాళ్ల నాన్న కారు తెచ్చాడట, నాన్న కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మా విద్యార్థుల్లో ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్లు తరగతికి ఇద్దరుంటారు.

మొదటి విడతలో నా అత్యుత్తమ చుట్టు 2 నిమిషాల 27.4 సెకన్లు.

ఆ పదిహేను నిమిషాల్లో నేనేం చేశానో సరిగా గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే, నేరుగా సాగే పొడవైన దారి చివర మొదటి మలుపు. దూరం నుంచి అది మలుపులా కనిపించదు, గోడలా కనిపిస్తుంది. ప్రతిసారీ అక్కడికి చేరేసరికి దవడలు బిగుసుకుపోయేవి. పిట్‌కు తిరిగొచ్చాక అలవాటుగా చేతి బ్రేకు లాగబోయాను. మేస్త్రి గారు కిటికీలోంచి చేయి పెట్టి ఆపారు. కాలిపోయే డిస్కు మీద ప్యాడ్లు అదిమిపెట్టి ఉంచకూడదు. గేరులో వదిలేసి, చక్రాల కింద ఇటుక పెట్టారు. టైర్లలో 30 పెట్టిన గాలి వేడికి 36 అయింది. 33కు దించారు. బోల్టులు ఒక్కొక్కటీ మళ్లీ బిగించి చూశారు. ఇదంతా అయ్యాక, తిరగేసిన పాల ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని, "మొదటి మలుపుకు చాలా ముందే కాలు తీసేస్తున్నావమ్మా. తీసి, మళ్లీ భయపడి కొంచెం తొక్కి, మళ్లీ తీస్తున్నావు. ఇంజను గొంతు మూడుసార్లు మారుతోంది" అన్నారు.

ఆయన ట్రాక్ వైపు చూడలేదని తమ్ముడు తర్వాత చెప్పాడు. కళ్లు మూసుకుని కూర్చున్నారట. అన్ని కార్లలోనూ మా ఇంజను చప్పుడు ఆయనకు వేరుగా వినిపిస్తుంది, ఎందుకంటే దాన్ని రెండుసార్లు విప్పి బిగించింది ఆయనే.

రెండో విడతలో ఆ తప్పు దిద్దుకోబోయి మరొకటి చేశాను. ఈసారి ఆలస్యంగా బ్రేకు వేశాను. మలుపులోకి ఎక్కువ వేగంతో వెళ్లాను. సగం తిరిగాక, ఇది ఇక తిరగదు అనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చింది, వెనక చక్రాలు తేలికై పక్కకు జారాయి. ఈ బరువు మార్పిడిని నేను పాఠంగా ఎన్నిసార్లు చెప్పానో. కాని నడుముకు తెలియడం వేరు. సీటు కింద నేల ఎవరో లాగేసినట్టు అనిపించింది. స్టీరింగ్ జారిన వైపు తిప్పాను, కారు నిలబడింది, రెండు చక్రాలు మట్టిలోకి దిగాయి. సమావేశంలో చెప్పింది గుర్తొచ్చింది. మట్టిలోకి దిగితే ఒక్కసారిగా ట్రాక్ మీదికి లాగకూడదు. నేరుగా పోనిచ్చి, వేగం చచ్చాక, వెనక ఎవరూ లేరని చూసుకుని ఎక్కించాను. పిట్‌కు రాగానే ట్రాక్ మీద భద్రత చూసే ఒక మార్షల్ అమ్మాయి వచ్చి కారు కింద రాళ్లు ఇరుక్కున్నాయేమో చూసింది. నా చేతులు వణకడం గమనించి, కారు గురించి ఏమీ అడగలేదు. "సాప్పిట్టీంగళా అక్కా?" అంది. భోంచేశారా అని. ఈ రెండు రోజుల్లో అక్కడ ఆ ప్రశ్న కనీసం పది మంది అడిగి ఉంటారు. పలకరింపు అదే.

మధ్యాహ్నం ట్రాక్ బయట, ఫ్యాక్టరీ కార్మికులు తినే మెస్‌కు వెళ్లాం. అరిటాకు, 110 రూపాయలు. అన్నం మీద మొదట సాంబారు, తర్వాత కారక్కుళంబు అనే కారపు పులుసు, తర్వాత రసం, చివర మజ్జిగ. ఆ వరుస తప్పకూడదు. తమ్ముడు సాంబారు తర్వాత పెరుగు అడిగితే వడ్డించే కుర్రవాడు ఆగి, ఏదో పొరపాటు జరిగినట్టు లోపలికి చూశాడు. మెస్ నడిపే అమ్మ బయటికి వచ్చి, మేం ఆంధ్రా అని తెలిసి, అల్మారాలోంచి సీసా తీసి ఆవకాయ వేశారు. వాళ్ల అక్కను చిత్తూరులో ఇచ్చారట, ఏటా వేసవిలో పంపుతుందట. ఆకు తినేవాళ్ల వైపుకు మడవాలని, ఆ వైపు మడిస్తే భోజనం తృప్తిగా ఉందని అర్థమని మేస్త్రి గారు మా ఇద్దరికీ చూపించారు. ఇది ఆయన చోళవరం రోజుల్లో నేర్చుకున్నది.

సాయంత్రం మూడో విడత. 2 నిమిషాల 24.1.

రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. మేస్త్రి గారు చెప్పింది మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. నేరుగా ఉన్న దారి, దాని రెండు చివరలు, అంతవరకే పిట్ నుంచి వినిపిస్తుంది. "నాకు వినిపించేది సగమే తల్లీ. అవతలి సగం నువ్వే వినుకోవాలి" అన్నారు. ఏం వినాలి అని అడిగితే, "టైరు" అన్నారు.

ఆదివారం: లెక్కపెట్టే రోజు

మేస్త్రి గారు ఐదింటికే ఆదికేశవ పెరుమాళ్ ఆలయానికి వెళ్లి వచ్చారు. శ్రీపెరంబుదూరు రామానుజాచార్యులు 1017లో పుట్టిన ఊరు. ప్రసాదం పొంగలి దొన్నెలో తెచ్చారు, మిరియాలు బాగా తగిలాయి. తులసి దళం ఒకటి స్టీరింగ్ మీద పెట్టి, నేను చూశాక తీసి తన జేబులో వేసుకున్నారు. వదులుగా ఏ వస్తువూ కారులో ఉండకూడదన్న నియమం ఆయన మరచిపోలేదు.

ఆ రోజు ప్రతి కారుకూ సమయం పంపే ట్రాన్స్‌పాండర్ బిగించారు. ఇంజను సామర్థ్యాన్ని బట్టి తరగతులు. ఒక చుట్టు టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి. మూడు చుట్లు గడియారంతో. ఒక చుట్టు చల్లారడానికి. ఇలాంటివి రెండు విడతలు. అంటే ఫలితానికి నిలిచేవి మొత్తం ఆరు చుట్లు. వాటికోసం 450 కిలోమీటర్లు వచ్చాను.

మొదటి విడతలో రెండో చుట్టులో ఉండగా ఎర్ర జెండా. ముందు ఎవరి కారులోంచో నూనె కారింది. అందరం నెమ్మదిగా పిట్‌కు వచ్చేశాం. మార్షల్స్ సున్నపు పొడి చల్లి, చీపుర్లతో ఊడ్చి, మళ్లీ చల్లారు. ఎండలో నలభై నిమిషాలు. ఆ పని చేసేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే, కాలేజీ పిల్లలు, చిన్న ఉద్యోగులు. మన చుట్టు కోసం వాళ్లు నిప్పుల్లాంటి తారు మీద వంగి ఊడుస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. మంచినీళ్ల సీసాలు పట్టుకెళ్లి ఇద్దామన్నా ట్రాక్ మీదికి మమ్మల్ని రానివ్వరు. వాళ్లు తిరిగొచ్చాక ఇచ్చాం. ఆ విడతలో నా సమయం 2 నిమిషాల 23.0.

రెండో విడత నాలుగింటికి. గాలి కొంచెం చల్లబడింది. టైర్లు వేడెక్కించే చుట్టులో కిటికీ అద్దం కొద్దిగా దించి ఉంచాను, నియమం అనుమతించినంత. చెవి పెట్టాను. టైరుకు ఒక పాట ఉంది. పట్టు హద్దుకు కొంచెం ఇవతల ఉన్నప్పుడు సన్నగా, ఒకే స్థాయిలో మూలుగుతుంది. హద్దు దాటితే కీచుమంటుంది. కీచుమన్నప్పుడల్లా కారు నేను తిప్పిన వైపు కాక ముందుకే పోతోంది, అంటే పట్టు పోతోంది, సమయమూ పోతోంది. నిన్నంతా నేను ఆ కీచును వేగమనుకున్నాను. స్టీరింగ్ ఒక వేలెడు వెనక్కి ఇచ్చి, ఆ సన్నటి మూలుగు దగ్గర నిలబెట్టడానికి ప్రయత్నించాను. ట్రాక్ అవతలి భాగంలో, ఎవరికీ వినిపించని చోట, అది రెండు మలుపులపాటు కుదిరింది. మూడో మలుపుకు పోయింది. మళ్లీ దొరికింది.

మూడో చుట్టులో నేరుగా ఉన్న దారి చివర గోడ గోడలా కనిపించలేదు. బ్రేకు ఒక్కసారి, గట్టిగా. మెల్లగా వదులుతూ లోపలికి. ఇంజను గొంతు ఒక్కసారే మారింది. అది నాకే తెలిసింది.

చల్లారే చుట్టులో ప్రతి మార్షల్ పోస్టు దగ్గరా చేయి ఊపాను. వాళ్లూ ఊపారు. అది అక్కడి మర్యాద. అన్నిటికంటే ఇష్టమైన చుట్టు అదే.

కాగితం బోర్డుకు అంటించినప్పుడు ముందు తమ్ముడు చూశాడు. 2 నిమిషాల 20.9.

హద్దుకు సెకనులో పదింట తొమ్మిది వంతుల దూరం. నా తరగతిలో పదకొండు మందిలో ఏడో స్థానం. రంగు పెన్సిళ్ల కుర్రవాడు మూడోవాడు, వాళ్ల నాన్న కాగితాన్ని నాలుగుసార్లు ఫోటో తీశారు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. శనివారం ఉదయం చుట్టుకూ దీనికీ తేడా ఆరున్నర సెకన్లు. సగటు వేగంలో చూస్తే గంటకు 91 కిలోమీటర్ల నుంచి 95కు వచ్చాను. నాలుగు కిలోమీటర్లు. రెండు రోజుల భయం, మట్టి, పెట్రోలు, నిద్ర లేని రాత్రి, అన్నీ ఆ నాలుగింటికోసం. నాకు అది చాలా పెద్ద సంఖ్యగా తోచింది, ఇప్పటికీ తోస్తోంది.

మేస్త్రి గారు బోర్డు దగ్గరికి రాలేదు. అక్కడే పెట్టె మీద కూర్చుని ఉన్నారు. "ఎంత?" అన్నారు. చెప్పాను. "చివరిసారి మొదటి మలుపు బాగుంది. ఆఖరి మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు మూడో గేరు తొందరపడి వేస్తున్నావు. ఆ తొమ్మిది అక్కడుంది" అన్నారు. లేచి, సంచిలోంచి తెల్ల చొక్కా తీసి వేసుకుని, అప్పుడు బోర్డు దగ్గరికి నడిచారు.

సోమవారం: కాంచీపురం, ఇల్లు

అక్కడి దాకా వెళ్లి కాంచీపురం చూడకుండా రావడం తమ్ముడికి ఇష్టం లేదు. పడమరగా గంట ప్రయాణం లోపే. వరదరాజ పెరుమాళ్ గుడిలో కోవిల్ ఇడ్లీ కోసం వెళ్లాం. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసిన పిండిని దేవకాంచనం ఆకులు పరిచిన పొడవాటి వెదురు బుట్టలో ఆవిరి పడతారు. ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. ముక్కలుగా కోసి ఇస్తే చేతిలోనే తిన్నాం. మేస్త్రి గారు ఇంటికి రెండు ముక్కలు కట్టించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో నేను ఒక్కచోటా ఎనభై దాటలేదు. దాటాలనిపించలేదు. వెనక సీట్లో ఇద్దరూ నిద్రపోయారు. గూడూరు దగ్గర వంతెన మీద మలుపులో టైరు చప్పుడు వింటున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. అరవైలో అది ఏ పాటా పాడదు, రోడ్డు గరుకు తప్ప ఏమీ వినిపించదు.

రాత్రి పదకొండింటికి ఆటోనగర్. ఆ వేళప్పుడు కూడా మేస్త్రి గారు షెడ్డు తలుపు తీయించి, జాకీ వేసి, ముందు ఎడమ చక్రం విప్పారు. ఆ ట్రాక్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, కాబట్టి భారం ఎక్కువగా ఎడమ వైపు పడుతుంది. టైరు బయటి అంచు మీద రబ్బరు చిన్న చిన్న అలలుగా లేచి ఉంది. ఆయన బొటనవేలితో ఆ అలలను అటూ ఇటూ రాసి చూసి, తమ్ముడిని టార్చి దగ్గరగా పట్టుకోమన్నారు. శనివారం కీచుమన్న చోట్ల గరుకు, ఆదివారం దాని మీద కొత్తగా పడిన నునుపు, రెండూ వేరువేరుగా నాకు చూపించారు. తర్వాత స్టీలు క్యారియరు పై గిన్నెలోంచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. బోర్డు మీద అంటించిన సమయాల పట్టిక. నిర్వాహకులను అడిగి తెచ్చుకున్నారట. స్పానర్లు వేలాడే మేకులలో ఖాళీగా ఉన్న ఒకదానికి దాన్ని గుచ్చి, "వచ్చే ఫిబ్రవరికి ఈ టైరు పనికిరాదమ్మా, ఇప్పుడే చెబుతున్నాను" అన్నారు.